నాలుగు జతలు, ఐదు స్వరాలు

మనం మేడ్చల్ బడిలో ఎక్కాలు వల్లెవేస్తున్న 1978లో, పాలకొల్లు బాలుడు యు. శ్రీనివాస్ గుడివాడలో తొమ్మిదేళ్లకే మాండలిన్ కచేరీ చేశారు. ఇటలీలో పుట్టిన ఆ చిన్న వాద్యానికి నాలుగు జతల తీగలు. గమకాలు పలకాలని ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే కన్నుమూశారు.

యాభై దాటాక శామీర్‌పేటలో నేను పట్టింది మామూలు మాండలిన్. శంకరాభరణంలో స, గ, ప, ని, పై రి కలిస్తే నైన్త్ కార్డ్. నాలుగు జతలపై ఐదు స్వరాలు ఒకేసారి మోగవు, పంచమాన్ని వదలాలి. ఆర్పెజియోగా ఒక్కొక్కటే మీటితే ఐదూ పలుకుతాయి. తొందర పనికిరాదు.

ఈ స్వర్ణోత్సవాన మన బడికి ఒక మాండలిన్ ఇద్దాం. పిల్లలు తొమ్మిదేళ్లకే మొదలుపెడతారు.