తంగేడుకు ఎన్ని మార్కులు?

బతుకమ్మకు మార్కులు వేయడం ఈమధ్య వచ్చిన అలవాటు. ఒకరి బతుకమ్మను ఇంకొకరి బతుకమ్మతో పోల్చి చూడడం మాత్రం ఎప్పటి నుంచో ఉంది. పండుగ చివరి రోజైన సద్దుల నాటి సాయంత్రం వాడలోని ఆడవాళ్లంతా తాంబాలాలు తెచ్చి కూడలిలో దించేవాళ్లు. ఎవరిది ఎత్తుగా ఉంది, ఎవరి వరుస ఒక పక్కకు ఒరిగింది, ఎవరి గునుగుకు రంగు బాగా పట్టింది అన్నది పాట ఎత్తుకునే లోపే అందరి కళ్లలో తేలిపోయేది. ఫలితం ఎవరూ చదివి వినిపించేవారు కాదు. మరునాడు నీళ్ల బావి దగ్గర అదే మాట్లాడుకునేవాళ్లు.

ఇక్కడ మాట్లాడుకునే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ పాత నల్లగొండ జిల్లా పట్టణాలు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పండుగకు ఆ గీతతో పని లేదు. భాద్రపద అమావాస్య అయిన పెత్రమాస నాడు ఎంగిలిపూలతో మొదలై, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు దాటి, ఆరో రోజు అలిగి, వేపకాయలు, వెన్నముద్దల మీదుగా తొమ్మిదో రోజు సద్దులకు చేరే వరస మూడుచోట్లా ఒకటే.

ఈ సీమలో బతుకమ్మ చుట్టూ పాడే ఉయ్యాల పాట పండుగ దగ్గరే ఆగలేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో అదే వరుస మీద సంఘం పాటలు కట్టారు. పాట తెలిసిన ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు కాబట్టి, మాటలు మారిస్తే చాలు, పాట ఊరు దాటి పోయేది. మళ్లీ అరవై ఏళ్లకు తెలంగాణ ఉద్యమం బతుకమ్మను వీధిలోకి, నడిరోడ్డు మీదికి, కలెక్టరేట్ ముందుకు తెచ్చింది. 2014లో రాష్ట్రం ఏర్పడగానే అది రాష్ట్ర పండుగ అయింది. అదే ఏడాది తంగేడు రాష్ట్ర పుష్పమైంది. ఉద్యమ కాలంలోనూ ఆ తర్వాతా పోటీలు ఊపందుకున్నాయి. బళ్లు, కాలేజీలు, పురపాలక సంఘాలు, మహిళా సంఘాలు, కాలనీ కమిటీలు అన్నీ బహుమతులు ప్రకటించడం మొదలుపెట్టాయి. చీర, స్టీలు గిన్నెలు, వెండి నాణెం, ఒక్కోచోట మిక్సీ. కూడలిలో నోటిమాటగా సాగిన తీర్పు కాగితం మీదికి ఎక్కింది.

కాగితం మీదికి ఎక్కేటప్పుడు ఏం దక్కింది, ఏం జారిపోయింది అన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన సంగతి. అది తెలియాలంటే ముందు బతుకమ్మను ఎలా పేరుస్తారో చూడాలి.

అడుగున తాంబాలమో సిబ్బో ఉంటుంది. దాని మీద గుమ్మడాకులు పరుస్తారు. మొదటి వరుస తంగేడు. పసుపుపచ్చని ఆ గుత్తులను అంచు వెంబడి గుండ్రంగా, పూలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా సర్దుతారు. ఆ పైన గునుగు. జొన్నచేలల్లో, పల్లిచేలల్లో కలుపుగా మొలిచే ఈ మొక్క వెన్ను కాగితంలా గరుకుగా ఉంటుంది, తెంపిన రెండు మూడు రోజులకు కూడా వాడదు. కాడలు సమానంగా కోసి, చిన్న కట్టలు కట్టి, కొసలను ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. కొన్ని కట్టలను రంగు వేయకుండా తెల్లగానే ఉంచేస్తారు. తర్వాత బంతి, చామంతి, కట్లపూలు, సీతమ్మ జడకుచ్చులు, రుద్రాక్ష, గోరింట. వరుస పెరిగేకొద్దీ లోపల ఏర్పడే గుంతను ఆకులతో, తరిగిన కాడలతో దట్టంగా నింపుతారు. ఈ నింపుడే అసలు పని. బయటికి కనబడదు కాబట్టి కొత్తవాళ్లు తొందరపడి వదిలేస్తారు, అప్పుడు సగం ఎత్తుకే నడుము వంగిపోతుంది. పైన గుమ్మడిపువ్వు, అందులో పసుపుతో చేసిన గౌరమ్మ. పక్కనే పిల్ల బతుకమ్మ.

పూలు తెచ్చే పని చాలామట్టుకు మగవాళ్లది, పోరగాళ్లది. తెల్లవారుజామున సంచులు పట్టుకుని చెల్కల వెంట, గట్ల వెంట పోయి తంగేడు విరుచుకొచ్చేవాళ్లు. తంగేడు గునుగులా ఓపిక పట్టదు. పొద్దున కోసింది సాయంత్రానికి వడలిపోతుంది. కాబట్టి ఆ వరుస చూస్తే పూలు ఏ పూట తెచ్చారో, ఎంత దూరం నుంచి తెచ్చారో తెలిసిపోతుంది.

పెద్దవాళ్లు చూసే తీరు ఈ పనిలోంచే పుట్టింది. ఆకు గానీ కాడ గానీ బయటికి కనబడకూడదు. కింది నుంచి పైకి సన్నబడడం ఒకే తీరున ఉండాలి, ఎక్కడా మెట్టు పడకూడదు. చుట్టూ తిరిగి చూస్తే ఏ వైపునా పొట్ట రాకూడదు. తలమీద పెట్టుకుని చెరువు దాకా నడిస్తే కదలకూడదు. చివరి పరీక్ష నీళ్లలో. వదిలాక నిటారుగా తేలుతూ పోతే పేర్చిన చేయి మంచిదన్నట్టు. సూర్యాపేట సద్దుల చెరువు దగ్గర ఈ పరీక్ష ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మైదానంలో జరిగే పోటీలో మాత్రం దానికి చోటు లేదు, ఎందుకంటే బహుమతి బతుకమ్మ నీళ్లలోకి దిగకముందే ఇచ్చేస్తారు.

పూలకు పోటీ పెట్టి తీర్పు చెప్పే సంప్రదాయం ప్రపంచంలో ఇంకా చాలాచోట్ల ఉంది. ఇంగ్లండులో ప్రిమ్‌రోజ్ జాతి పూల పోటీలు వాటిలో పేరున్నవి. యార్క్ నగరంలో 1768లో మొదలైన పూలసాగు సంఘం ఇప్పటికీ ప్రదర్శనలు పెడుతోంది. ఇంగ్లండు పోటీదారుల్లో ఒకప్పుడు చేనేత పనివాళ్లు, చేతివృత్తులవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. మగ్గం పక్కనే కుండీల్లో పెంచిన ఆరిక్యులా, బంగారు అంచు పాలియాంథస్ పూలను తెచ్చి సత్రాల్లో వరసగా పెట్టేవాళ్లు. గెలిచినవారికి రాగి కెటిల్ ఇవ్వడం ఆనవాయితీగా ఉండేది. న్యాయనిర్ణేతలు రేకు చదునుగా ఉందా, పువ్వు గుండ్రంగా ఉందా, మధ్యలోని తెల్లని వలయం తెగకుండా ఉందా, పాలియాంథస్ అయితే ప్రతి రేకు చుట్టూ సన్నని బంగారు గీత సమంగా పారిందా అని చూసేవాళ్లు. కొన్ని ఆరిక్యులాలకు ఆకుల మీద, పూల మీద పిండిలాంటి తెల్లని పొడి ఉంటుంది. వాన చినుకు పడితే అది కడుక్కుపోతుంది కాబట్టి వాటిని కప్పు కిందే కాపాడుకునేవాళ్లు. తరాల తరబడి ఆ కొలతలకు తగ్గ మొక్కలనే ఏరి పెంచడంతో పువ్వు రూపమే మారింది. తీర్పు పువ్వును తయారుచేసింది.

నల్లగొండలో జరిగింది వేరు. తంగేడును ఎవరూ నాటలేదు, గునుగుకు ఎవరూ ఎరువు వేయలేదు. ఇక్కడ పోటీ పేర్చే చేతులకే తప్ప పెంచే చేతులకు కాదు. పువ్వు చెల్కది, బీడుది, గట్టుది. కాబట్టి నేల మారితే బతుకమ్మ మారక తప్పదు. ఈ మూడు పట్టణాల చుట్టూ నేల మారినంతగా తెలంగాణలో కొద్దిచోట్లే మారి ఉంటుంది.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా ఖమ్మం వైపు సాగింది. కొన్నేళ్లలోనే జొన్న, సజ్జ, ఆముదం పండిన చెల్కలు వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడలో రైసుమిల్లులు వరసకట్టాయి, ఆ పట్టణం పేరు చెబితే బియ్యం గుర్తొచ్చేంతగా పెరిగింది. ఆయకట్టు రైతు ఇంట్లోకి అన్నం వచ్చింది, పక్కా ఇల్లు వచ్చింది, పిల్లల చదువు వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. అయితే నీళ్లు నిలిచిన మడిలో గునుగు మొలవదు. గట్లు చదును చేశాక తంగేడు పొదలకు చోటు దొరకదు. మిర్యాలగూడ చుట్టుపక్కల ఇళ్లలో పండుగ పూట పూలు కోసుకురావడం పోయి పూలు కొనుక్కురావడం వచ్చింది.

సూర్యాపేట కథ కొంచెం ఆలస్యంగా నడిచింది. దగ్గర్లోనే సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు 1963లో వచ్చినా, తుంగతుర్తి, నూతనకల్ వైపు మెట్టలు చాలాకాలం మెట్టలుగానే ఉన్నాయి. ఆ కరువు పల్లెలే సూర్యాపేట బజారుకు గునుగు, తంగేడు పంపేవి. పెత్రమాస నాటికి ఆడవాళ్లు కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చి రోడ్డు పక్కన కూర్చునేవాళ్లు. ఆ నాలుగు రోజుల అమ్మకం వాళ్లకు పండుగ ఖర్చు తీర్చేది. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల్లోకి గోదావరి నీళ్లు చేరాక అటు కూడా వరి విస్తీర్ణం పెరిగింది. మిగిలిన మెట్ట పత్తికి పోయింది. పత్తిలో కలుపు మందు కొడితే గునుగు కూడా పోతుంది.

కోదాడది మరో తీరు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద తెలంగాణ చివరి పట్టణం అది. సాగర్ నీళ్ల వెంట కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. వాళ్లకు గుమ్మడిపువ్వు అంటే సంక్రాంతి గొబ్బెమ్మ. ఇక్కడివాళ్లకు అదే పువ్వు ఆశ్వయుజంలో బతుకమ్మ శిఖరం. కోదాడ వీధుల్లో ఆ రెండిళ్ల ఆడపిల్లలూ ఇప్పుడు ఒకే వలయంలో చప్పట్లు కొడుతున్నారు. సంక్రాంతికి ముగ్గుల పోటీలో, దసరాకు బతుకమ్మ పోటీలో వాళ్లే ఎదురెదురు.

పెంచే చేతికి విలువనిచ్చే పండుగ కూడా ఈ నేల మీదే ఉంది. మిర్యాలగూడ, సూర్యాపేట పరిసరాల లంబాడ తండాల్లో శ్రావణంలో తీజ్ చేస్తారు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు కలిపి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. ఎవరి బుట్టలో మొలక ఏపుగా, పచ్చగా వస్తే ఆ పిల్లకు మంచి మొగుడు దొరుకుతాడని నమ్మకం. తొమ్మిదో రోజు బుట్టలన్నీ ఒకచోట చేరినప్పుడు తండా పెద్దమనుషులు మొలకల వంక చూసే చూపు, ఇంగ్లండు సత్రాల్లో కుండీల వంక చూసిన చూపు కన్నా తక్కువ నిశితమైనదేమీ కాదు.

పోటీలు పెరిగాక అన్నిటికన్నా తేలిగ్గా కొలవగలిగింది ఎత్తు. టేపు పెడితే అంకె వస్తుంది, గొడవ ఉండదు. దాంతో ఎత్తు కోసం లోపల ఇనుప చట్రం, అట్టపెట్టెలు, థర్మాకోల్ చేరాయి. ఆకులు దట్టించి నిలబెట్టే నేర్పు అక్కర్లేకుండా పోయింది. గునుగు దొరకనిచోట రంగు కాగితాలు, ప్లాస్టిక్ పూలు వచ్చాయి. అవి చెరువులో కరగవు. ఈ ఎత్తుల పోరు 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సరూర్‌నగర్ స్టేడియంలో అరవై మూడు అడుగులు దాటి గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అంత పెద్దది చట్రం లేకుండా నిలవదు, అది వేరే రకం పని. దాన్ని చూసి వాడలోని ఆడపిల్ల తన తాంబాలాన్ని తక్కువగా అనుకోవడమే బాధ. లండన్‌లో, డల్లాస్‌లో తెలంగాణవాళ్లు చామంతులతో, కార్నేషన్లతో బతుకమ్మ పేర్చుకోవడం అర్థం చేసుకోదగిందే, అక్కడ తంగేడు పూయదు. సూర్యాపేటలో పూస్తుంది.

కొన్ని కాలేజీలు, సంఘాలు ఇప్పటికే సహజమైన పూలే వాడాలని నిబంధన పెడుతున్నాయి. అది మంచి మొదలు. ఇంకొన్ని గళ్లు కూడా ఆ మార్కుల కాగితంలో చేర్చవచ్చు. మొదటి వరుస తంగేడేనా, అది ఆ పొద్దున కోసిందేనా. లోపలి దట్టింపు ఆకుదేనా. తలకెత్తుకుని మైదానం చుట్టూ ఒక్కసారి నడిస్తే నిలిచిందా. ఇవన్నీ పాత పరీక్షలే. వీటికి మార్కులు పడితే తంగేడు తెచ్చేందుకు పిల్లలు మళ్లీ గట్ల వెంట పోతారు, గట్టు మీద ఒక పొదను ఉంచినందుకు రైతుకు ఇంట్లోవాళ్ల నుంచి మెచ్చుకోలు దొరుకుతుంది. గునుగు విత్తనం సంగతి ఇంకా తేలిక. ఎండిన వెన్నును అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే సన్నని గింజలు రాలతాయి. వాటిని దాచి, తొలకరికి బడి ఆవరణలోనో చెరువు కట్ట పక్కనో చల్లితే పెత్రమాసకు పూత అందుతుంది. పోటీ తేదీని దసరా ముందు కాకుండా మృగశిర కార్తెలోనే ప్రకటిస్తే, చల్లేవాళ్లకు ఆ గడువు సరిపోతుంది.