గుట్టల నడుమ గోల్ఫ్ మైదానం: హైదరాబాద్ బౌల్డర్ హిల్స్, మన పావగడ గుట్టలు

నంది కొండ కింద, హైదరాబాద్ శివార్లలో గుట్టల నేలను గోల్ఫ్ మైదానాలుగా మార్చారు. మన అరసికెరె (హాసన్ జిల్లాలోది కాదు, పావగడ తాలూకాలోది) చుట్టూ ఉన్నదీ అలాంటి గుట్టల నేలే. అందుకే మన పాఠకుల కోసం ఈ వివరాలు అందిస్తున్నాం.

మైదానం అంటే
పూర్తి గోల్ఫ్ మైదానంలో 18 గుంతలుంటాయి. బంతిని మొదట కొట్టే చోటును టీ అని, మధ్యలోని గడ్డిబాటను ఫెయిర్‌వే అని, గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అని అంటారు. దీనికి సాధారణంగా వంద ఎకరాలకు పైనే కావాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటేనే ఆటకు అందం.

పుట్టుక
ఈ ఆట పెరిగింది స్కాట్లండ్ సముద్రతీరపు ఇసుకదిబ్బల మీద, గొర్రెలు మేసే ఊరుమ్మడి నేలలో. సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో 18 గుంతల పద్ధతి మొదలైంది. అక్కడి పాత మైదానంలో నేటికీ ఆదివారం మామూలుగా ఆట ఉండదు. ఊరివాళ్లు హాయిగా నడుస్తారు.

బౌల్డర్ హిల్స్
హైదరాబాద్ గచ్చిబౌలి, మణికొండ ప్రాంతంలోని ఈ 18 గుంతల మైదానానికి పీటర్ హారడైన్ రూపకల్పన చేశారు. గుండ్లను పేల్చి చదును చేయకుండా వాటి మధ్యనుంచే ఫెయిర్‌వేలు సాగుతాయి. పేరు కూడా ఆ గుండ్ల వల్లే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ 2002లో ఎమ్మార్ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో మొత్తం 535 ఎకరాలుండగా, మైదానానికి 235 ఎకరాలను 66 ఏళ్ల లీజుకు కేటాయించారు. ఈ వ్యవహారంపై 2011లో హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. అంటే రాయి నిలిచినా, భూమి లెక్క వివాదంలో పడింది.

నీరు
పచ్చగడ్డికి రోజూ నీళ్లు కావాలి. నీళ్లు లేని చోట మన దేశంలో పూర్వం గ్రీన్‌కు బదులు నూనె కలిపిన ఇసుక పరిచి ఆడేవారు. దాన్ని బ్రౌన్ అంటారు. కరువుతో, ఫ్లోరైడ్ నీటితో బాధపడే పావగడలాంటి తాలూకాలో మొదట అడగాల్సిన ప్రశ్న నీళ్ల గురించే.

మన గుట్టలు
రామనగర నుంచి తుమకూరు, పావగడల మీదుగా బళ్లారి వైపు సాగే క్లోజ్‌పేట గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. క్వారీలో పగిలిన గుండు మళ్లీ పుట్టదు. రాయిని రాయిగానే ఉంచి విలువ తేవచ్చని బౌల్డర్ హిల్స్ చూపింది. అయితే కాగితాల్లో బంజరు అని రాసినంత మాత్రాన గుట్ట ఖాళీ నేల కాదు. అక్కడ గొర్రెలు మేస్తాయి, వాననీళ్లు చెరువుకు దిగుతాయి.

తిరుమణి సోలార్ పార్కుకు మన రైతులు భూమిని అమ్మలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున మొదలైన కౌలుకిచ్చారు. పట్టా ఉన్నవారికి కౌలు వచ్చింది. పరాయి పొలాల్లో కూలికి, మేపుకు పోయేవారికి అందులో వాటా లేదు. రేపు గుట్టల మీదికి ఏ పథకం వచ్చినా, మైదానమైనా రిసార్టయినా, లీజు ఎన్నేళ్లు, నీళ్లెక్కడివి, గోమాళం ఎవరికి అన్న మూడు సంగతులు గ్రామసభలో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే సంతకం పెట్టాలని మా సంఘం మనవి.