సైన్యాధికారి శిక్షణము – కాలేజీ విద్యార్థివేతనములు: అమెరికా దేశపు చరిత్ర

మన మహాసభలలో విద్యానిధిని గూర్చిన తీర్మానము లేని సంవత్సరము లేదు. బీదవిద్యార్థికి కాలేజీ ఫీజు కట్టుట యెట్లు, పుస్తకములు కొనిపెట్టుట యెట్లు, పట్టణమున భోజనవసతు లమర్చుట యెట్లు అను మూడు ప్రశ్నలును సంఘము పుట్టిననాటినుండి మనలను వెన్నాడుచునే యున్నవి. ఈ మూటికిని ఒక దేశపు సైన్యము చెప్పిన సమాధానమును ఈ సంచికమూలమున చదువరుల యెదుట నుంపదలచితిమి. ఆ దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. నేడు తెలుగు కుటుంబములు పెక్కు అచ్చట స్థిరపడి, వారి బిడ్డలు అక్కడి కాలేజీలలో ప్రవేశించుచుండుటచే ఇది మనకు కేవలము పరదేశవార్త కాదు. అచ్చట కాలేజీ చదువునకగు వ్యయము సామాన్యగృహస్థుని నడుము విరుచునంతటిదని అక్కడి మనవారే చెప్పుచున్నారు.

మొట్టమొదట ఒక మాట స్పష్టపరుపవలయును. ఆ సైన్య మిచ్చు విద్యార్థివేతనము దానము కాదు, ఋణమును గాదు. దానమైనచో పుచ్చుకొనినవాడు తిరిగి యీయవలసిన దేదియు లేదు. ఋణమైనచో వడ్డీతో ధనము చెల్లింపవలయును. ఇచ్చట విద్యార్థి చెల్లించునది తన యౌవనమునందలి కొన్ని సంవత్సరములు. ఈ బేర మొక్కనాడు కుదిరినది గాదు. సైన్యమునకు అధికారులు చాలనప్పుడెల్ల కొంచెము కొంచెముగా పెరిగి, శతాబ్దమునకు పైగా కాలము పట్టి, నేటి రూపమును దాల్చినది.

సైన్యాధికారులను తయారుచేయుటకు ఆ దేశమువారు 1802లో వెస్టుపాయింటునందు సైనికవిద్యాలయమును స్థాపించిరి. అందు చేరినవారికి ఫీజు లేదు. కాని స్థానములు బహుకొద్ది. అచ్చటనే పనిచేసిన కెప్టెను ఆల్డెను పార్ట్రిడ్జి యను నతడు, దేశరక్షణము కొద్దిమంది వృత్తిసైనికులకే వదలదగినది కాదనియు, సామాన్యవిద్యతోపాటు పౌరులందరికి సైనికవిద్య గరపవలయుననియు వాదించి, 1819లో వెర్మాంటు రాష్ట్రమందలి నార్విచిలో ఒక విద్యాలయమును నెలకొల్పెను. కాలేజీలో చదువుచునే అధికారి కాదగునను భావమున కిదియే బీజము.

ఆ బీజమునకు నీరు పోసినది సైనికశాఖ కాదు, వ్యవసాయము. అంతర్యుద్ధము ముమ్మరముగా సాగుచున్న 1862 జూలై 2వ తేదీని అధ్యక్షుడు లింకను, వెర్మాంటు ప్రతినిధి జస్టిను మారిల్ ప్రతిపాదించిన శాసనముపై చేవ్రాలు చేసెను. రాష్ట్రమునకు గల ప్రతి సెనేటరునకును, ప్రతి ప్రతినిధికిని 30,000 ఎకరముల చొప్పున ప్రభుత్వభూమి నిచ్చి, దానిని విక్రయింపగా వచ్చిన ధనముతో వ్యవసాయ, యంత్రవిద్యలు నేర్పు కాలేజీలను నిలుపుడని ఆ శాసనము చెప్పెను. ఆ కాలేజీలలో యుద్ధతంత్రమును గూడ బోధింపవలయునను నియమమును చేర్చిరి. కర్షకుల బిడ్డలకు ఉన్నతవిద్య లభించిన దీ శాసనమువలననే యని అమెరికనులు గర్వించుట న్యాయమే. అయితే ఆ భూములు అచ్చటి ఆదిమజాతులనుండి లాగుకొనినవని చెప్పకుండుట చరిత్రకు ద్రోహము. ఒకరి చదువునకు మరియొకరు వెల చెల్లించుట అన్ని దేశములందును ఉన్నదే.

ఐరోపాలో ప్రథమ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, 1916 జూన్‌లో చేయబడిన దేశరక్షణ శాసనము ఈ కాలేజీ కవాతులకు ఒక క్రమము నేర్పరచి, దానికి రిజర్వు ఆఫీసర్ల శిక్షణదళ మని పేరిడినది. అక్షరములతో ఆర్.ఓ.టి.సి. యని వ్యవహరింతురు. మొదటి రెండేండ్లు ప్రాథమిక శిక్షణము, తరువాతి రెండేండ్లు ఉన్నత శిక్షణము, పిమ్మట కమీషను. పెక్కు రాష్ట్రవిశ్వవిద్యాలయములు మొదటి రెండేండ్ల కవాతును మగపిల్లల కందరికిని నిర్బంధము చేసినవి. ప్రతిఫలముగా యూనిఫారము దక్కెడిది. ఉన్నత శిక్షణమున చేరినవారికి మాత్రము భోజనభత్యముగా స్వల్పద్రవ్యము ముట్టెడిది. కాలేజీ ఫీజు ప్రసక్తియే లేదు.

ఈ నిర్బంధముపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మెథడిస్టు మతస్థులగు విద్యార్థులు కొందరు తిరుగబడిరి. ఆయుధము పట్టుట తమ మతమునకు విరుద్ధమని వారి వాదము. విశ్వవిద్యాలయము వారిని తొలగించినది. వ్యాజ్యము సుప్రీముకోర్టు వరకు పోయినది. 1934లో తీర్పు విద్యార్థులకు ప్రతికూలముగా వచ్చినది. ఆ విశ్వవిద్యాలయముననే చదువుమని మిమ్ము నెవరును నిర్బంధింపలేదు గదా యని న్యాయమూర్తుల తర్కము. ధనికుని కుమారునికి ఆ తర్కము సరిపోవును. స్వల్పవ్యయముతో చదువదగిన ప్రభుత్వవిద్యాలయము తప్ప వేరు దారి లేని బీదవానికి, ఆ కవాతే చదువు వెల యైనదని మాకు దోచుచున్నది.

ద్వితీయ ప్రపంచయుద్ధము ముగియుచుండగా రెండు శాసనములు రెండు వైపులనుండి వచ్చినవి. 1944 జూన్ 22వ తేదీని రూజువెల్టు ఆమోదించిన శాసనము యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికునికి కాలేజీ ఫీజునకై సంవత్సరమునకు 500 డాలర్ల వరకును, ఒంటరివాడైనచో బత్తెమునకు నెలకు 50 డాలర్లును ప్రసాదించినది. ఇది ముందు సేవ, పిదప చదువు. రెండేండ్లకు నౌకాదళమువారు ఈ వరుసను తలక్రిందులు చేసిరి. రియర్ అడ్మిరలు జేమ్సు హాలోవే పేర ప్రసిద్ధమైన పథకమునకు 1946 ఆగస్టులో శాసనరూపము వచ్చినది. ఎన్నికైన విద్యార్థికి ఫీజులు, పుస్తకముల ఖర్చు నౌకాదళమే భరించి, పైగా నెలకు 50 డాలర్లు చేతికిచ్చును. ముందు చదువు, పిదప సేవ. నేటి విద్యార్థివేతనములకు మూలపురుషుడు హాలోవే యనదగును.

ఈ పథకమున చదివినవారిలో లోకమంతయు ఎరిగిన యొక పేరు గలదు. ఒహాయో రాష్ట్రమున ప్రభుత్వ లెక్కల తనిఖీదారుని కుమారుడు నీలు ఆర్మ్‌స్ట్రాంగు 1947లో, పదునేడవ యేట, హాలోవే పథకము క్రింద పర్డ్యూ విశ్వవిద్యాలయమున విమాననిర్మాణవిద్య నభ్యసింప చేరెను. వైమానికులు కాదలచినవారికి పథకము నిర్ణయించిన క్రమ మిది: రెండేండ్లు చదువు, తరువాత వైమానిక శిక్షణము, నౌకాదళసేవ, ఆపైన తిరిగివచ్చి మిగిలిన రెండేండ్ల చదువు. ఆతనికి 1949లో పిలుపు వచ్చినది. అంతలో కొరియా యుద్ధము ముంచుకొనివచ్చెను. ఆ యువకుడు 78 మారులు యుద్ధవిమానమున నెగిరెను. 1951లో విమానము దెబ్బతిని, గొడుగు సాయమున దూకి ప్రాణము దక్కించుకొనెను. 1952లో మరల కాలేజీకి వచ్చి 1955లో పట్టము పుచ్చుకొనెను. చంద్రునిపై కాలు మోపినది 1969లో. కాలేజీలో చేరునాడు కొరియా పేరు ఆతని లెక్కలో నుండెనా? చదువునకై చేవ్రాలు చేయువానికి రానున్న యుద్ధము కనబడదు. ఈ కథలో మనవారు గమనింపవలసినది చంద్రుని కంటె ఈ యంశమునే యని మా యభిప్రాయము.

నల్లజాతివారికి ఈ ద్వారము చాలకాలము ఇరుకుగానే యుండెను. హోవర్డు, విల్బరుఫోర్సు వంటి కొద్ది విద్యాలయములలో మాత్రమే వారికి శిక్షణము లభించెడిది. అధ్యక్షుడు ట్రూమను 1948 జూలైలో సైన్యమున వర్ణభేదమును తొలగింప ఉత్తరువు చేసెను. జమైకానుండి వలసవచ్చిన దంపతుల కుమారుడు కాలిను పావెలు న్యూయార్కు సిటీ కాలేజీలో భూగర్భశాస్త్రము చదువుచు ఈ దళమున చేరి 1958లో కమీషను పొందెను. ఆతడు 1989లో సర్వసేనాధిపతుల మండలికి అధ్యక్షుడును, 2001లో విదేశాంగమంత్రియు నయ్యెను. ఆతని చదువునాటికి సైన్యమువారి విద్యార్థివేతనము పుట్టలేదు. సిటీ కాలేజీలో ఫీజు లేకుండుటచే ఆతనికి చదువు సాగినది. స్త్రీలకైతే వైమానికదళము 1969లోను, తక్కిన దళములు అటుపిమ్మట కొద్ది సంవత్సరములలోను ప్రవేశమిచ్చినవి.

భూసైన్యమును వైమానికదళమును నౌకాదళపు దారిపట్టినవి 1964లో. నిర్బంధకవాతును ఒక్కొక్క విశ్వవిద్యాలయమే వదలుకొనుచుండుటచే అధికారుల సంఖ్య తగ్గునను భయము పుట్టినది. అక్టోబరులో అధ్యక్షుడు జాన్సను ఆమోదించిన శాసనము ఒక్కొక్క శాఖకు 5,500 వరకు విద్యార్థివేతనములను అనుమతించినది. ఫీజులు, పుస్తకములు, ప్రయోగశాల ఖర్చులు, నెలకు 50 డాలర్లు. బదులుగా కనీసము నాలుగేండ్ల సైనికసేవ. నిర్బంధము పోయినచోట ధనము వచ్చి కూర్చున్నది.

కాని ఆ ధనముతోపాటే వియత్నాము యుద్ధమును వచ్చినది. విశ్వవిద్యాలయములలో ఈ దళముపై ద్వేషము రగిలెను. 1969 ఏప్రిలులో హార్వర్డు విద్యార్థులు కార్యాలయభవనము నాక్రమించిరి. కొలదికాలమునకు దళ మచ్చటనుండి వెడలిపోయెను. 1970 మే 2వ తేదీ రాత్రి ఒహాయోలోని కెంటు విశ్వవిద్యాలయమున దళపు భవనము దగ్ధమయ్యెను. 4వ తేదీని రాష్ట్రసైనికుల కాల్పులలో నలుగురు విద్యార్థులు మరణించిరి. 1973లో నిర్బంధసైన్యసేవ అంతరించినది. సైన్యమున బలవంతముగా చేర్చుకొందురను భయముచే ముందుగానే అధికారిగా చేరువారు తరిగిపోయిరి. ఇక సైన్యము చేతిలో మిగిలిన యాకర్షణము చదువు ఖర్చు ఒక్కటియే. హార్వర్డునకు దళము మరల వచ్చినది 2011లో.

ఇక నేటి యేర్పాటు. ఇటీవలి సంవత్సరములలో భూసైన్యపు విద్యార్థివేతనము ఫీజుల మొత్తమునైనను, వసతిభోజనముల వ్యయమునైనను భరించుచున్నది. రెంటిలో నొకటి విద్యార్థి కోరుకొనవలయును. పుస్తకములకు సంవత్సరమునకు 1,200 డాలర్లు, చేతిఖర్చునకు చదువు సాగు నెలలలో నెలకు 420 డాలర్లు. స్వరాష్ట్రపు విశ్వవిద్యాలయమున తక్కువ ఫీజుతో చదువువాడు వసతిభోజనములను, ప్రైవేటు విశ్వవిద్యాలయమున చేరువాడు ఫీజులను కోరుట లాభము. కొన్ని విద్యాలయములు ఇట్టి విద్యార్థులకు వసతిభోజనములను తామే యుచితముగా నిచ్చి ఆకర్షించుచున్నవి గనుక ముందుగా విచారించుకొనుట మేలు. నౌకాదళమును వైమానికదళమును ఇంజనీరింగు, భౌతికశాస్త్రముల చదువరుల కెక్కువ మక్కువ చూపును. వైమానికదళపు వేతనములలో పూర్తి ఫీజు చెల్లించునవియు, ఒక పరిమితివరకే చెల్లించునవియు కలవు. ఫీజు సొమ్ము నేరుగా కాలేజీకే పోవును. చేతిఖర్చు మాత్రము విద్యార్థికి ముట్టును. మన విద్యానిధులవారును ఈ పద్ధతిని ఆలోచింపదగును.

ప్రతిగా వారమువారము కవాతు, వ్యాయామము, సైనికశాస్త్రపాఠములు, వేసవి శిబిరము తప్పవు. పట్టము పుచ్చుకొనిన పిమ్మట భూసైన్యమున మొత్తము ఎనిమిదేండ్ల బాధ్యత. సాధారణముగా అందు నాలుగేండ్లు పూర్తికాలపు కొలువు, మిగిలినది రిజర్వు. నౌకాదళమున నాలుగేండ్ల విద్యార్థివేతనము పొందినవారికి అయిదేండ్ల కొలువు. వైమానికదళమున పైలటు కాదలచినవాడు శిక్షణము ముగిసినది మొదలు పదేండ్లు పనిచేయవలయును. నాలుగేండ్ల వేతనము పొందినవాడు మొదటి సంవత్సరము ముగిసి రెండవ సంవత్సరము ప్రారంభమగు లోపల ఏ బాకీయు లేకుండ విరమించుకొనవచ్చును. పదునెనిమిదేండ్ల బాలుడు తొందరపాటున చేసిన చేవ్రాలును సరిదిద్దుకొనుటకు ఈ యేడాది గడువు నిచ్చుట మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచినది. ఆ గడువు దాటి విరమించినచో సొమ్ము తిరిగి కట్టవలయును, లేదా సామాన్యసిపాయిగా కొలువునకు పోవలసివచ్చును.

మనదేశపు పద్ధతి వేరు. ఖడక్‌వాస్లాలోని జాతీయరక్షణ విద్యాలయమున శిక్షణము, వసతి, భోజనము, పుస్తకములు సర్కారు వ్యయముతోనే జరుగును. కాని విద్యాలయమును ఎంచుకొను స్వేచ్ఛ లేదు. 1948 శాసనముతో పుట్టిన ఎన్.సి.సి. మన కాలేజీలు పెక్కింట నున్నను, సైన్యమున చేరుటకు కొంత సౌకర్యము కల్పించునే గాని ఫీజులు కట్టదు. విజయనగరము చెంత కోరుకొండలో 1962లో వెలసిన సైనికపాఠశాల, చిన్నవయస్సుననే పిల్లలను ఈ దారికి సిద్ధపరచు తెలుగునాటి విద్యాలయము. అమెరికావారు విద్యార్థిని తమ విద్యాలయమునకు రమ్మనక, విద్యార్థి యున్న విద్యాలయమునకే తాము పోయిరి. ఇంజనీరింగు, నర్సింగు, భాషలు, చరిత్ర, ఏది చదివినను అధికారి కావచ్చునను ఈ వెసులుబాటు వలననే వారి అధికారులలో నానావిధకుటుంబములవారును కానవచ్చుచున్నారు.

తుదకు మనవారికి ముఖ్యమైన నియమ మొకటి. ఈ విద్యార్థివేతనము అమెరికా పౌరులకే లభించును. అచ్చట పుట్టిన బిడ్డకు పౌరసత్వముండును గనుక అడ్డు లేదు. తల్లిదండ్రుల ఉద్యోగపు వీసాపై ఆధారపడి చిన్నతనమున వెళ్లిన బిడ్డకు, అదే పాఠశాలలో అదే బల్లపై కూర్చుండి చదివినను, అర్హత లేదు. ఒకే యింట అన్నకు లేని యర్హత తమ్మునికి గలుగు సందర్భములు నీ కారణముననే యేర్పడును. అర్హత గలవారు ఉన్నతపాఠశాలలో చివరి సంవత్సరమునకు ముందు వేసవిలోనే దరఖాస్తు ప్రయత్నము మొదలిడవలయును. మార్కులతోపాటు శరీరపటుత్వపరీక్ష, వైద్యపరీక్ష, అధికారి యెదుట సంభాషణము కలవు.