గడి గోడల లోపల

రామన్నపేట పరిసరముల పల్లెలలో వృద్ధులను "గడి యనగా నేమి?" అని యడిగినచో, వారు ఇంటి వర్ణనకు పూనుకొనరు, ఊరి కథ చెప్పుదురు. ఎత్తైన ప్రహరీ, మూలల బురుజులు, పెద్ద దర్వాజా, లోపల కచేరి, ధాన్యపు కొట్లు: ఇది కంటికి కనబడు గడి. కనబడని గడి మరియొకటి కలదు. నేడు ఆ రెండింటిని గూర్చియు ముచ్చటింతము.

ముందుగా దూరదేశమైన డెన్మార్కును చూతము. అచ్చట రాజునకు కోట, భూస్వామికి పల్లెలో మేడ, పట్టణ పౌరులకు పురమందిరము వేర్వేరుగా నుండెను. తెలంగాణపు పల్లెలో ఈ మూడింటి పనులును ఒకే గోడ లోపల జరిగెడివి. శిస్తు లెక్కలు గడి కచేరిలోనే; తగవుల తీర్పులు అచ్చటనే; జరిమానాలు, శిక్షలు అచ్చటనే. నిజాం రాజ్యమున శిస్తు వసూలు చేయు అధికారముతో బలపడిన దేశముఖులు క్రమముగా వేల ఎకరములకు స్వాములైరి. పటేలు, పట్వారీ పదవులును తరచుగా వారి చెప్పుచేతలలోనే యుండెను. కావున కష్టము కలిగించిన చోటును, కష్టము చెప్పుకొనవలసిన చోటును ఒక్కటే యయ్యెను.

ఇక కనబడని గడి వెట్టిచాకిరి. కుమ్మరి కుండలు, గొల్ల గొఱ్ఱెలు, మాదిగ చెప్పులు, చాకలి, మంగలి సేవలు, అన్నియు ఊరకనే గడికి చేరవలెను. రైతు తన చేను దున్నుకొనుటకు ముందు దొర చేను దున్నవలెను. "బాంచను, కాల్మొక్త" అను మాట ఆ దర్వాజా ముందు నిలిచి నిలిచి అలవాటైన మాట.

ఇట్టి బంధము మన దేశమున మాత్రమే యుండెననుకొనరాదు. డెన్మార్కులో 1733లో వచ్చిన యొక శాసనము రైతు కుటుంబముల పురుషులను వారు పుట్టిన భూస్వామి యెస్టేటునకే కట్టివేసెను. 1788లో దానిని రద్దుచేసిరి. ఆ విముక్తికి గుర్తుగా 1797 నాటికి రాజధాని కోపెన్‌హాగన్‌లో ఒక స్తంభమును నిలిపిరి. అది నేటికిని నిలిచియున్నది.

మన సీమలో ఆ విముక్తి ప్రజల పోరాటమున వచ్చినది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ తొలి సమావేశము జరిగెను. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులు కాగా, ఆ ఉద్యమము పల్లె రైతుల ఉద్యమమయ్యెను. నాడు నల్లగొండ జిల్లాలోనే యుండిన విసునూరు దేశముఖునకు 40,000 ఎకరములు కలవని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసియున్నారు. 1946 జూలై 4న ఆ దేశముఖుని యేలుబడిలోని కడవెండిలో ఊరేగింపుపై అతని మనుష్యులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. సాయుధ పోరాటము రగుల్కొనెను. 1949లో జాగీర్దారీ రద్దయ్యెను.

దొరలు పట్నము చేరిరి. అనేక గడులు పాడుపడెను. పైకప్పులు కూలెను, దూలములు పోయెను, గోడలలో రావిచెట్లు మొలచెను. పగవాని యిల్లు కూలిన నేమి యని కొందఱందురు. ఆ కోపము సహజమే. కాని గోడ కూలినచో వెట్టికి సాక్ష్యము గూడ కూలును గదా!

దక్షిణమున పాలమూరు సీమ వేఱొక దారి చూపినది. గద్వాల సంస్థానపు కోటలో కళాశాల వెలసినది. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ వచ్చినది. డెన్మార్కులో 1859లో అగ్నికి ఆహుతియైన ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోటను పునరుద్ధరించి, 1878లో జాతీయ చరిత్ర ప్రదర్శనశాలగా నిర్ణయించిరి.

పల్లె గడికిని అట్టి గతి పట్టరాదా? కచేరి యున్న చోట గ్రంథాలయము, కొట్లున్న చోట పాఠశాల, ఒక గదిలో వెట్టి చేసిన వారి కథనములు నుంచవచ్చును. అప్పుడు మన పల్లెకు ఏనాడును లేని పురమందిరము లభించును. ఒకప్పుడు తల వంచి లోనికి పోయిన తాత మనుమరాలు పుస్తకము చేతబట్టి అదే దర్వాజా గుండ తలయెత్తి నడచును.