పక్వానికి కొలత: గోదావరి అడవి అంచున మాంసం కాల్చే విద్య

మాంసం సరిగ్గా కాలిందో లేదో తేల్చే కొలత అన్ని ప్రాంతాల్లోనూ, అన్ని కాలాల్లోనూ ఒకటిగా లేదు. ఏ జంతువు దొరికింది, దాని వయసెంత, ఏ కట్టె మండింది, నిప్పుకూ మాంసానికీ మధ్య ఏది అడ్డుగా నిలిచింది, తినేవారు ఎందరు అన్న విషయాలన్నీ కలిసి ఆ కొలతను నిర్ణయించాయి. పాశ్చాత్య దేశాల్లో స్టేక్ కాల్చేవారు, అంటే పశుమాంసపు మందపాటి ముక్కను పెనం మీదనో నిప్పుల సెగ మీదనో కాల్చి వడ్డించేవారు, లోపలి రంగును బట్టి రేర్, మీడియం, వెల్‌డన్ అనే మెట్లు ఏర్పరచుకున్నారు. మొదటి మెట్టులో ముక్క నడుమ ఎర్రగానే ఉంటుంది, చివరి మెట్టులో ఎరుపు పూర్తిగా పోతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా శబరి నది దాకా సాగే అడవి అంచున నివసించే కోయలు, కొండరెడ్లు మాత్రం ముక్కను కోసి చూడవలసిన అవసరం లేకుండా, ఆవిరి, వాసన, చప్పుడు, వెదురు రంగు వంటి బయటి గుర్తులతోనే పక్వాన్ని నిర్ణయించే విద్యను నిలుపుకొన్నారు. ఈ విద్యకు చరిత్ర ఉంది, ఆ చరిత్ర అడవి చరిత్రతో విడదీయరాకుండా ముడిపడి ఉంది.

ఈ అడవి అంచు ప్రాంతం పాలనాపరంగా పలుమార్లు చేతులు మారింది. గోదావరికి ఉత్తరాన ఉన్న భద్రాచలం ప్రాంతాన్ని నిజాం 1860లో బ్రిటిష్ వారికి అప్పగించగా, అది కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది. నదికి ఇవతల పాల్వంచ వైపు అడవులు నిజాం రాజ్యంలోనే కొనసాగాయి. 1953లో వరంగల్ జిల్లా నుంచి ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు అందులో కలిశాయి. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పరిధిలోకి వస్తాయన్న కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిగా ఏర్పడింది. గీతలు ఎన్నిసార్లు మారినా అడవి ఒకటే కావడం వల్ల, రెండు ఒడ్లలోనూ వెదురు, టేకు, తునికి, మద్ది, అడ్డతీగ ఒకే విధంగా పెరిగాయి, వాటిని వంటకు వాడుకొనే పద్ధతులూ ఒకే విధంగా సాగాయి.

మాంసాన్ని నిప్పుపై కాల్చే విద్యను గురించి పాత గ్రంథసాక్ష్యం లేకపోలేదు. సుశ్రుతసంహిత మాంసపు వంటకాలను వర్గీకరిస్తూ శూల్యాన్ని, అంటే ఇనుప శూలానికి గుచ్చి కాల్చిన మాంసాన్ని, ప్రత్యేకంగా పేర్కొంది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో, రాజభోజనాన్ని వివరించే అన్నభోగ ప్రకరణం అడవిపంది వెంట్రుకలు తీసి కాల్చే తీరును, మాంసపు ముక్కలను కడ్డీలకు గుచ్చి నిప్పుల మీద కాల్చే భడిత్రకమనే వంటకాన్ని వర్ణించింది. నేటి హైదరాబాదు వీధుల్లోని సీకులు ఈ పద్ధతిని పోలినవే. ఆ కాలంలో కాకతీయులు కల్యాణి చాళుక్యులకు సామంతులు కాబట్టి ఖమ్మం సీమకు ఈ గ్రంథం పరాయిది కాదు. అయినా అది రాజు వంటశాల గ్రంథం, వేటగాడి విద్య అందులో సగమే కనిపిస్తుంది. మిగిలిన సగం కన్నప్ప కథలో దొరుకుతుంది. సేక్కిళార్ పెరియపురాణంలోనూ, తెలుగులో ధూర్జటి కావ్యంలోనూ ప్రసిద్ధమైన ఈ కథలో వేటగాడు తాను కాల్చిన మాంసాన్ని స్వయంగా రుచి చూసి, మంచి ముక్కలనే శివుడికి అర్పిస్తాడు. శాస్త్రం ఎంగిలిగా చూసిన పనిని ఆ కథ భక్తికి నిదర్శనంగా నిలిపింది. నోటితో పరీక్షించడమే వేటగాడికి ఉన్న తొలి కొలత అని ఈ కథ స్పష్టంగా చెబుతుంది.

గోదావరి అడవుల్లో మాంసం నిత్యాహారం కాదు. 1940ల తొలినాళ్లలో నిజాం రాజ్యపు కొండరెడ్ల మధ్య పరిశోధన చేసి, 1945లో వారిపై గ్రంథం ప్రచురించిన ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్, పోడు పంటతో పాటు అడవి దుంపలు, జీలుగు చెట్టు బోదెలోని గుజ్జు, మామిడి టెంకల పిండి వారి జీవనాధారమని నమోదు చేశాడు. మాంసం వేట దొరికిన రోజున, లేదా విత్తనాలు చల్లే ముందు కోయలు జరుపుకొనే భూమి పండుగ వంటి సందర్భంలో మాత్రమే వండేవారు. దొరికినదాన్ని ఊరంతా పంచుకొనేవారు. పంపకంలో ముక్కలు చిన్నవవుతాయి, కొవ్వు తక్కువై నిత్యం పరుగులో పెరిగిన అడవి జంతువు మాంసం గట్టిగా ఉంటుంది, పైగా అడవిపంది వంటి జంతువుల కండరాల లోపల పరాన్నజీవులు ఉండే అవకాశముంది. ఈ మూడు కారణాల వల్ల సగం పచ్చిగా తినే ఆచారానికి ఇక్కడ చోటు దొరకలేదు, పూర్తిగా మగ్గడమే పక్వమైంది. స్టేక్ పుట్టిన సమాజాల్లో మాంసం కోసమే మేపి కొవ్వు పట్టించిన పశువు ఉంది, మెత్తని భాగాన్ని వేరుచేసి కోసే కసాయి ఉన్నాడు, ఆరోగ్యవంతమైన పశువు కండలో సూక్ష్మజీవులు సాధారణంగా పైపొరకే పరిమితమవుతాయి. అందువల్ల పైభాగం కాలితే చాలన్న కొలత అక్కడ సాధ్యమైంది.

నేరుగా సెగ మీద కాల్చేటప్పుడు తెలంగాణ పల్లెల్లో నేటికీ పాటించే క్రమం అడవి పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ఈకలు పీకిన కోడికి పసుపు పూసి మంటపై తిప్పి, మిగిలిన నూగు కాలి కమురు వాసన పోయాక, మంట తగ్గించి నిప్పుల సెగకు మారుస్తారు. ఎగిసే మంట పైభాగాన్ని మాడ్చి లోపల పచ్చిగా వదిలేస్తుంది, కణకణలాడే నిప్పులు లోపలి దాకా వేడిని పంపుతాయి. తొడ కీలు దగ్గర పుల్ల గుచ్చితే ఎర్రనీరు కాక తేటనీరు రావడం, కీలు సులువుగా కదలడం, ఎముక చివరి నుంచి కండ వెనక్కి జరగడం, పచ్చివాసన పోవడం అనేవి పక్వానికి గుర్తులు.

బొంగులో వండడం వీటన్నిటికంటే సూక్ష్మమైన పద్ధతి, ఎందుకంటే అక్కడ మాంసం కంటికి కనిపించదు. లోపల గుల్లగా ఉండే పచ్చి వెదురును, అడుగున కణుపు మూతగా నిలిచేలా నరికి, ఉప్పు, కారం, పసుపు పట్టించిన మాంసాన్ని నింపి, పైకొసను ఆకులతో బిగించి, నిప్పుల పక్కన వాలుగా పెట్టి తిప్పుతారు. నూనె గానీ నీరు గానీ పోయరు. పచ్చి వెదురు గోడలోనూ మాంసంలోనూ ఉన్న తేమ ఆవిరిగా మారుతున్నంత సేపు లోపలి వేడి నీరు మరిగే 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది గనుక, బయట బొంగు నల్లబడుతున్నా లోపల మాంసం మాడదు. ఆకుపచ్చని బొంగు పసుపుపచ్చగా, ఆపై గోధుమ రంగుగా మారడం, ఆకు మూత సందుల్లోంచి ఆవిరి మొదట జోరుగా వచ్చి తరువాత పలచబడడం, లోపలి ఉడుకు చప్పుడు తగ్గడం, పచ్చి వెదురు పసరు వాసన స్థానంలో మగ్గిన మాంసపు కమ్మని వాసన రావడం అనే గుర్తులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నమ్మదగింది కాదు, ఎందుకంటే లేత బొంగు త్వరగా రంగు మారుతుంది, ముదురు బొంగు ఆలస్యం చేస్తుంది. అన్నీ కలిసినప్పుడే బొంగును నిప్పు నుంచి తీస్తారు.

ఆధునిక విజ్ఞానం ఈ గుర్తులకు కారణాలు చూపుతుంది. కండకు ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ సుమారు 60 డిగ్రీలు దాటాక రంగు కోల్పోవడం మొదలుపెడుతుంది, కండలను కట్టి ఉంచే కొల్లాజెన్ అనే గట్టి పదార్థం 70 డిగ్రీలకు పైబడిన వేడిలో చాలాసేపు తేమతో ఉంటే మెత్తని జిగురుగా కరుగుతుంది. స్టేక్ కొలత మొదటి మార్పు మీద, అంటే రంగు మీద ఆధారపడగా, బొంగు కొలత రెండవ మార్పు మీద, అంటే మెత్తదనం మీద ఆధారపడింది. కోళ్ల మాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. ఆవిరి ధారాళంగా వెలువడే బొంగు, తగినంత సేపు నిప్పుపై ఉంచితే, ఆ హద్దును దాటుతుంది.

ఈ విద్యకు ఆధారమైన అడవి మీద హక్కు క్రమంగా కుంచించుకుపోయింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నదికి ఒకవైపు, నిజాం ప్రభుత్వపు అటవీ చట్టాలు మరోవైపు రిజర్వు అడవులను ఏర్పరచి పోడును, కట్టెను, వెదురును నియంత్రించాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కఠినంగా నియంత్రించింది, ఆ దశాబ్దంలోనే కిన్నెరసాని, పాపికొండల అడవులు అభయారణ్యాలయ్యాయి, సారపాకలో స్థాపించిన కాగితపు మిల్లు వెదురును పరిశ్రమ ముడిసరుకుగా మార్చింది. వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాన్ని సేకరించే హక్కును ఆదివాసులకు చట్టంలో రాసింది 2006 అటవీ హక్కుల చట్టమే. జంతుజాతుల రక్షణ అవసరమైనదే. అయితే వేట ఆగినప్పుడు దానితో పాటు తరతరాల పరిశీలనాజ్ఞానం కూడా కోడి అనే ఒక్క జీవికి పరిమితమైందని చరిత్రకారులు గుర్తించాలి.

ఇటీవలి దశాబ్దాల్లో మారేడుమిల్లి, పాపికొండల దారుల్లో పర్యాటకుల కోసం అమ్మే బొంగు చికెన్ ఈ పద్ధతికి విస్తృతమైన పేరు తెచ్చింది, అదే సమయంలో కొలతను మార్చింది. నెలల తరబడి తిరిగి పెరిగిన నాటుకోడిలో కొల్లాజెన్ వయసుతో పాటు గట్టిపడి ఉంటుంది గనుక బొంగు పూర్తిగా నల్లబడేదాకా ఆగడం సరైన నిర్ణయం. ఆరేడు వారాలకే కోతకు వచ్చే బ్రాయిలర్ కోడిని అంతసేపు ఉంచితే అది చెదిరి పీచుపీచవుతుంది. అందువల్ల పాత గుర్తులను కొత్త కోడికి యథాతథంగా వర్తింపజేయడం కుదరక, వండేవారు ఆవిరి జోరును, వాసనను ముందుగానే పసిగట్టి బొంగు దించవలసి వస్తోంది. విద్య తెలిసినవారు మాత్రమే ఈ సవరణ చేయగలరు, గడియారం చూసి దించేవారికి అది సాధ్యం కాదు.

స్టేక్ పక్వాన్ని గురించి పాశ్చాత్యులు పుస్తకాలు రాశారు, పట్టికలు వేశారు, ఉష్ణమాపకాలు తయారుచేశారు. గోదావరి అడవి అంచున అంతే నిశితంగా ఎదిగిన జ్ఞానం మాత్రం ఒక పర్యాటక వంటకం పేరుగా మిగిలిపోతోంది. ఏ వయసు వెదురు, ఏ కట్టె నిప్పు, ఏ ఆకు మూత, ఏ వాసన తరువాత ఏ వాసన అన్న వివరాలను కోయ, తెలుగు మాటల్లోనే, వండేవారి నోట విని, వారి పేరనే నమోదు చేయడం తెలుగు ప్రాంతాల ఆహారచరిత్ర ముందున్న బాధ్యత. ఆ పని జరిగితే మాంసం పక్వాన్ని గుర్తించడం గురించి ప్రపంచానికి ఉన్న అవగాహనలో ఈ అడవికి న్యాయంగా దక్కవలసిన అధ్యాయం చేరుతుంది.