కొల్లూరు వజ్రాలు - ఖజానా వాటా

షియా మతస్థులైన గోల్కొండ సుల్తానులు పల్నాటిలోని కొల్లూరు గనిపై ఉంచిన కట్టడి షరీఅతునుండి వచ్చినదేనా? జాఫరీ ఫిఖ్హు ప్రకారం ఖనిజంపై ఖుమ్స్, అనగా అయిదవ వంతు, చెల్లించాలి. 1618-22 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్వోల్డ్ చెప్పినది వేరు. గనిని ఏటా 3 లక్షల వరహాలకు ఒక కంసాలికి గుత్తకిచ్చారు. 10 క్యారట్లు మించిన రాయి మాత్రం సుల్తానుదే. ఇది ఖుమ్స్ కాదు, విజయనగరపు పాత వాడుకే. అక్కడ 20 మంజాడులు మించిన వజ్రం రాయలదని నూనిజ్ వ్రాశాడు.

1622లో గని మూయించారు. ధర పడిపోతుందన్న భయమని కొందరు, మొగలు రాయబారి మేలి వజ్రాలు కోరడమేనని మరికొందరు చెప్పుకున్నారు. రెండవదే సబబుగా తోస్తుంది. కారణమేదైనా, సుమారు 30,000 మందికి పని పోయింది. తరువాత మళ్ళీ తెరిచారు. టావెర్నియర్ వచ్చేనాటికి అక్కడ 60,000 మంది తవ్వుతున్నారు.