బాణం బిరుసు ఎంతుండాలి? మన తాతల వేళ్లకు తెలిసిన లెక్క

పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో ఒక తమ్ముడు విలువిద్య నేర్చుకుంటున్నాడు. మొన్న వాడి బాణాలు తీసి చూశాం. ప్రతి దాని మీదా 500 అని ఉంది. "ఇదేంట్రా, రేటా?" అని నవ్వాం. "కాదన్నా, బాణం బిరుసు. మన వింటికి సరిపోని నంబరు కొంటే గురి ఎంత బాగున్నా బాణం పక్కకు పోద్ది" అన్నాడు. అప్పుడు మాకు ఊళ్లో తాతలు గుర్తొచ్చారు. వెదురు పుల్లను రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం వంచి, "ఇది మెత్తన, ఈ వింటికి ఆగదు" అని పక్కన పడేసేవాళ్లు. చిన్నప్పుడు అదేదో అలవాటు అనుకున్నాం. ఆ తమ్ముడు చెప్పాక తెలిసింది, తాతలు కొలత చూసేవాళ్లని.

నారి వింటికి నడిమధ్యలో ఉంటుంది. బాణం మాత్రం వింటి కర్రకు పక్కన ఆనుకుని ఉంటుంది. కాబట్టి లాగిన బాణం వదిలేటప్పటికి కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. అయినా గురికే పోతుంది. ఎట్లా? నారి వెనక నుంచి ఒక్కసారి తోసేసరికి బాణం వంగుతుంది. వింటి కర్రను తప్పించుకుని, పాములాగా అటూ ఇటూ ఊగుతూ పోయి, తర్వాత సర్దుకుంటుంది. కుడిచేత్తో నారి లాగేవాళ్లకు బాణం మరీ బిరుసైతే ఎడమకు పోతుంది, మరీ మెత్తనైతే కుడికి పోతుంది. బలమైన వింట్లో మెత్తని బాణం పెడితే విరిగి చేతికే గుచ్చుకోవచ్చు.

అందుకే వింటి బలం పెరిగితే బాణం బిరుసు కూడా పెరగాలి. పొడుగు బాణం ఎక్కువ వంగుతుంది. ములికి బరువైతే ఇంకా ఎక్కువ వంగుతుంది. నిండు కర్ర పుల్ల పదో వంతు లావైతే బిరుసు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. పుల్ల గీకేటప్పుడు తాతలు అంత జాగ్రత్త ఎందుకు పడేవాళ్లో ఇప్పుడర్థమైంది.

ఇక చరిత్ర. 1911 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఓరోవిల్ అనే ఊరి దగ్గర యాహి తెగ మనిషి ఒకాయన ఒంటరిగా దొరికాడు. తెల్లవాళ్ల దాడుల్లో ఆయన జనమంతా పోయారు. ఆయన తన పేరు ఎవరికీ చెప్పలేదు. అందుకని వాళ్ల భాషలో 'మనిషి' అనే అర్థమొచ్చే ఇషి అన్న మాటతో పిలిచారు. శాన్ ఫ్రాన్సిస్కోలో యూనివర్సిటీ మ్యూజియంలో ఉంచారు. అక్కడ సాక్స్టన్ పోప్ అనే డాక్టర్ ఆయన దగ్గర విల్లు, బాణం చేయడం నేర్చుకున్నాడు. పుల్లను నిప్పు సెగకు వేడి చేసి వంకర తీయడం ఇషి చూపించాడు. 1914లో ఇద్దరూ ఇషి పుట్టిన కొండలకు పోయి వేటాడారు. 1916లో ఇషి క్షయతో చనిపోయాడు. పోప్ నేర్చుకున్నదంతా రాసి 1923లో పుస్తకంగా వేశాడు. ఇషి పేరు దాచలేదు, అది మెచ్చుకోవాలి. అయినా తర్వాత పెట్టిన విలువేట సంఘానికి పోప్ పేరే ఉంది.

1930ల్లో హిక్‌మన్ అనే ఇంజనీరు చాలా వేగంగా ఫొటోలు తీసే కెమెరాతో బాణం వంగడం చూపించాడు. తర్వాత కొలత ఖాయమైంది. బాణాన్ని 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీయాలి. అర అంగుళం వంగితే దాని నంబరు 500. నంబరు తగ్గేకొద్దీ బాణం బిరుసు. తాత చేతుల్తో వంచి చూసిందీ ఇదే. కాకపోతే ఆయన అంగుళాల్లో చెప్పలేదు.

మన సంగతికి వద్దాం. నల్లమల చెంచుల మీద హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. ఇవాళ చెంచుల గురించి చదవాలంటే ముందు ఆ పుస్తకమే చేతికొస్తుంది. రాసినాయన మంచిగా రాశాడు, కానీ రాసింది మనోళ్లు కాదు. స్కూల్లో మమ్మల్ని 'బాణాలోళ్లు' అని వెక్కిరిస్తే తల దించుకున్నాం. ఇంటికి పోయాక తాతను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ తప్పు మాదే.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట నేరం. మళ్లీ వేటాడదామని మేం అనడం లేదు. వేట ఆగితే బాణం చేసే పని ఆగుతుంది, పని ఆగితే ఆ లెక్క తెలిసిన చేతులు కూడా ఆగిపోతాయి. మా నలుగురి తాతల్లో ఇద్దరు ఇప్పటికే లేరు.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్దోళ్లను నాలుగు ముక్కలు అడగండి. ఏ పుల్ల కోసేవాళ్లు? ఏ నెలలో? ఎన్నాళ్లు ఆరబెట్టేవాళ్లు? వంచి చూసి ఏమనేవాళ్లు? వాళ్ల మాటల్లోనే, కోయలోనో గోండిలోనో ఏ భాషైతే ఆ భాషలో, ఫోన్లో రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. తెలుగులో రాయడం మేం చేస్తాం. ఇషికి రాయడానికి తన మనిషి ఒక్కడూ మిగల్లేదు. మన తాతలకు మనం ఉన్నాం.